ఏడో ఊపిరి

ఏడో పాఠం వచ్చిన రోజున సూదమ్మ కుట్టుమిషను ఆగిపోయేది.

మిగతా పాఠాలతో ఆమెకు పనిలేదు. ఉబ్బసం వాళ్ల పిల్లికూతలు, నిమ్ము చేసిన పసిపిల్లల గురగురలు నడిమి గదిలో ఎంతసేపు మోగినా సరే, ముందు గదిలో చొక్కాలకు కాలర్లు కుట్టుకుంటూ, "ఈ దగ్గులు వినీ వినీ నాకే గొంతులో గరగర మొదలైంది వదినా, ఆ తలుపు కాస్త దగ్గరగా వెయ్యి" అని కేకేసేది. ఏడో పాఠానికి మాత్రం ఎవరూ పిలవకుండానే లేచి వచ్చేది. మెడలో కొలతల టేపు వేలాడుతుండగా గుమ్మానికి భుజం ఆనించి నిలబడి, ఆ శబ్దాన్ని మొదటి నుంచి చివరి దాకా వినేది. అవగానే ముక్కు చీదుకుని, మారుమాట లేకుండా వెళ్లి మళ్లీ మిషను తొక్కేది. ఆ పూట కుట్టిన కాలరు ఏదో ఒకటి వంకర పోయేది. మర్నాడు విప్పి కుట్టుకునేది.

ఆ శబ్దం ఆమె అన్నయ్య ఊపిరి.

ఆ అన్నయ్యే టీచరమ్మ మొగుడు. ధాన్యం గోదాములో గుమస్తాగా చేరి, అక్కడే తల నెరిసిన మనిషి. తడిసి బూజు పట్టిన బస్తాల మధ్య ఏళ్ల తరబడి తిరగడంతో ఆయన ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. చెల్లెలికి చిన్నప్పుడే 'సూది' అని పేరు పెట్టినవాడూ ఆయనే. అప్పటికి ఆమెకు కుట్టుపని రాదు. మాటతో గుచ్చడం మాత్రం బాగా వచ్చు. తర్వాత నిజంగానే సూదీ దారం చేతికొచ్చాయి, పేరు సూదమ్మగా స్థిరపడింది.

టీచరమ్మ పేరు కూడా అలా వచ్చిందే. నర్సుల బడిలో జన్మంతా పాఠాలు చెప్పిన మనిషి కాబట్టి వీధిలో కూరగాయల బండివాడితో సహా అందరికీ ఆమె టీచరమ్మే. ఛాతీ మీద స్టెతస్కోపు ఆనించి, లోపల ఏం జరుగుతోందో చెవితో పట్టుకోవడం ఆమె నేర్పే విద్య. రిటైరై ఇంట్లో ఊరికే కూర్చుంటే పాత సంగతులన్నీ ముసురుకుంటాయని భయపడుతున్న రోజుల్లో ఆరోగ్యశాఖ వాళ్లు దూరవిద్య మొదలుపెట్టారు. దగ్గర్లో డాక్టరు లేని చిన్న చిన్న ఆరోగ్య కేంద్రాల్లో ఒంటరిగా పనిచేసే నర్సులకు కంప్యూటరు మీద పాఠాలు. టీచరమ్మ తన బడి రోజుల్లో పోగేసుకున్న ఊపిరి శబ్దాల్లోంచి మంచివి ఏరి, నెంబర్లు వేసి, కోర్సులో పెట్టింది. ఏడోది గట్టిపడిన ఊపిరితిత్తులది. ఎవరిదన్నది ఎక్కడా రాయలేదు. 'ఏడో నమూనా, పురుషుడు, వీపు కింది భాగం' అని ఉంటుంది, అంతే.

దాన్ని రికార్డు చేసిన మధ్యాహ్నం టీచరమ్మ కళ్లకు కట్టినట్టే ఉంది. పేము కుర్చీలో తిరగేసి కూర్చుని, కుర్చీ వీపును కావలించుకుని, "పాఠం చెప్పుకోవడానికి నీకు నా వీపే దొరికిందా?" అన్నాడాయన.

"కదలకండి."

"సరే కదలను. ఊపిరైనా తీసుకోవచ్చా?"

ఆ నవ్వు ఆగాక తీసిందే ఆ రికార్డు.

ఆయన పోయిన రోజున సూదమ్మ దారిలో ఉంది. ముందు రోజు ఫోనులో, "వస్తున్నావుగా, వచ్చాక మాట్లాడుకుందాం" అని ఆయాసంతో ఆయనే పెట్టేశాడు. ఆమె బస్సు దిగి, సంచి పట్టుకుని వీధి మలుపు తిరిగేసరికి ఇంటి ముందు జనం కనిపించారు. ఆ జనాన్ని చూసి అక్కడే ఆగిపోయింది. ఎవరో వెళ్లి చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చారు. ఆ వచ్చిన మనిషి మళ్లీ వెళ్లలేదు. కొన్నాళ్లకు తన మిషను తెప్పించుకుంది. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లూ ఒకరినొకరు కనిపెట్టుకుని ఉన్నారు. బజారుకెళ్లిన వాళ్లు ఆలస్యమైతే ఇంట్లో ఉన్నవాళ్లు గుమ్మంలోకి వచ్చి నిలబడతారు. దూరంగా మనిషి కనబడగానే ఏమీ ఎరగనట్టు లోపలికి తప్పుకుంటారు.

టీచరమ్మకు లోలోపల ఒక గర్వం ఉండేది. పరీక్షలో శబ్దాలన్నీ కలగాపులగంగా వినిపించి ఏది ఏ జబ్బో గుర్తుపట్టమంటారు. జవాబులు యంత్రమే దిద్దుతుంది, ఎంతమంది ఏది తప్పారో మాత్రం ఆమెకు తెలుస్తుంది. నిజానికి ఏడోది పట్టుకోవడం అన్నిటికంటే కష్టం. బడిలో ఉన్నప్పుడు తెలివైన పిల్లలు కూడా దాని దగ్గర తడబడేవాళ్లు. ఈ దూరవిద్య వచ్చాక చూస్తే, ప్రతి బ్యాచీలోనూ ఏడోది తప్పేవాళ్లు ఎక్కడో ఒకరు.

"చూశావా, మీ అన్నయ్య చెబితే బుర్రకెక్కి తీరుతుంది" అనేది ఆడపడుచుతో.

"నువ్వు గొంతు చించుకున్నా ఎక్కనిది, మా అన్నయ్య కూర్చుని ఊపిరి తీస్తే ఎక్కుతోంది. మరి టీచరెవరంటావ్?" అని సూదమ్మ అంటించేది.

సూదమ్మ బజారుకెళ్లిన ఒక మధ్యాహ్నం, ఆ గర్వం సందేహాల క్లాసులో కూలిపోయింది.

సందేహాల క్లాసంటే తెర నిండా చిన్న చిన్న గడులు. కొన్నిట్లో ముఖాలుంటాయి, కొన్నిట్లో మందుల బీరువా. ఒకామె గడిలో ఎప్పుడూ ఇంటి కప్పే కనిపిస్తుంది. సిగ్నలు అందని వాళ్లు బొమ్మ ఆపేసి గొంతుతోనే వస్తారు. కొండ మీది నర్సు అలా గొంతుతో వచ్చే మనిషి. కొండ మీద ఆరోగ్య కేంద్రానికి ఆమె ఒక్కతే దిక్కు. సిగ్నలు కోసం నీళ్ల ట్యాంకు మెట్లెక్కి కూర్చుంటుంది. గాలి హోరులో ఆమె ప్రశ్న సగం, జవాబు సగం కొట్టుకుపోతుంటాయి.

"టీచర్ గారూ, ఒక డౌటండీ. మొన్న కోళ్ల ఫారంలో పనిచేసే ఒకాయన దగ్గుతో వచ్చాడు. మెట్లెక్కితే ఆయాసమట. వీపు కింద రెండు వైపులా విన్నాను. ఊపిరి తీసుకునే చివర్లో చిటపటలు వచ్చాయండీ, బాగా వచ్చాయి."

"మంచిది. రెండు వైపులా విన్నావు చూడు, అదీ పద్ధతి. తర్వాత?"

"ఏడోదేమో అని చాలాసేపు విన్నానండీ. కానీ కిర్రు రాలేదు. కిర్రు లేకపోతే ఏడోది కాదు కదండీ? అందుకని దగ్గు మందు ఇచ్చి పంపించేశాను. చేసింది కరెక్టేనా అని."

టీచరమ్మకు మొదట అర్థం కాలేదు. గాలికి మాట మారిపోయిందనుకుంది.

"ఏ కిర్రమ్మా?"

"అదేనండీ, చిటపట అయ్యాక ఊపిరి వదిలేటప్పుడు వస్తుంది కదా. పాత తలుపు మూసినట్టు."

"అవునండీ," అని ఇంటికప్పు గడిలోంచి ఇంకొకామె అందుకుంది. "మేమంతా దాంతోనే గుర్తుపెట్టుకున్నాం. 'చిటపట, కిర్రు, ఏడో నెంబరు' అని పాటలాగా. మా సీనియర్లు నేర్పారండీ."

గడుల్లో ముఖాలు నవ్వుతూ తలలాడించాయి.

టీచరమ్మ అందరి ఎదుటే ఏడో నమూనా పెట్టింది. ఇన్నేళ్లుగా తన చెవి ఎప్పుడో అవతల పారేసిన శబ్దం ఇప్పుడు ఒక్కసారిగా గది నిండా వినపడింది. ఆయన ఊపిరి లోపలికి పోతుంది. చివర్లో ఎండుటాకుల మీద ఎవరో మెల్లగా అడుగేసినట్టు చిటపటలు. ఆ వెంటనే, ఊపిరి బయటికొస్తుంటే, కిర్ర్. మళ్లీ ఊపిరి, మళ్లీ చిటపట, మళ్లీ కిర్ర్.

అది టేబుల్ ఫ్యాను. రికార్డు చేసిన మధ్యాహ్నం ఉక్కగా ఉందని ఆయనకు ఎదురుగా పెట్టింది. ఒక వైపు నుంచి ఇంకో వైపుకి మెడ తిప్పి, చివర్లో ఒక కిర్రు పెట్టి వెనక్కి మళ్లేది. ఆ తిరుగుడూ ఆయన ఊపిరీ సరిగ్గా ఒక్క తాళంలో పడ్డాయి.

బడిలో ఉన్నప్పుడు ఈ రికార్డు వినిపించిన ప్రతిసారీ పిల్లలు ఆ శబ్దమేంటని అడిగేవాళ్లు. "అది ఫ్యానులే, వదిలెయ్యండి" అని చేత్తో విదిలించేది. పాఠంలో రాసుకోవాల్సినంత మాట కాదది. ఒకే గదిలో కూర్చున్న వాళ్లకు కంటి చూపుతో, చెయ్యి విదిలింపుతో అందిపోయే మాట. పాఠం కంప్యూటరులోకి ఎక్కినప్పుడు శబ్దం ఎక్కింది, రాత ఎక్కింది, ఆ చెయ్యి విదిలింపు మాత్రం బడి గదిలోనే ఉండిపోయింది. కళ్లు దించుకుని ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న నర్సులకు ఏడో నమూనా కష్టం కాకపోవడానికి కారణం ఇదా!

"అది ఫ్యానమ్మా," అంది టీచరమ్మ.

ఎవరో కిసుక్కున నవ్వి ఆపేశారు. ట్యాంకు మీద గాలి మాత్రం వినిపిస్తోంది.

"కొండ మీది అమ్మాయీ, వింటున్నావా? తప్పు నీది కాదు, నాది. ఆ మనిషిని వెనక్కి పిలిపించు. పెద్దాసుపత్రికి పంపించు. ఆలస్యం చెయ్యకు."

"ఆయనకి ఫోను లేదండీ," అంది ఆ గొంతు సన్నగా. "నేనే వెళ్తాను."

వెళ్లింది. ఫారం దాకా నడిచి వెళ్లి, వద్దు వద్దంటున్న మనిషిని వాళ్లావిడ సాయంతో బస్సెక్కించింది. పెద్దాసుపత్రిలో స్కాను తీసి, ఊపిరితిత్తులు గట్టిపడటం మొదలైందనీ, ఆ కోళ్ల ఈకల దుమ్ముకు దూరంగా ఉండి మందులు వాడితే ఇంకా చేతిలోనే ఉందనీ చెప్పారు. ఆ కబురు తెలిసేదాకా టీచరమ్మకు ముద్ద మింగుడుపడలేదు. తెలిశాక కూడా పూర్తిగా దిగలేదు. ఇంతకుముందు బ్యాచీల్లో ఎంతమంది నర్సులు ఎంతమంది వీపుల మీద ఆ కిర్రు కోసం వెతికి, అది లేదని ఇంటికి పంపేశారో!

సూదమ్మకు ఈ సంగతి చెప్పలేదు. చెప్పాలనుకున్నప్పుడల్లా నోటిదాకా వచ్చి ఆగిపోయేది.

కోర్సు కంప్యూటర్లు చూసే ఆయనకు ఫోను చేసింది. ఏ ఇబ్బంది వచ్చినా తప్పు సర్వరు మీదికి తోస్తాడు కాబట్టి నర్సులంతా ఆయనకు 'సర్వర్ సార్' అని పేరు పెట్టారు. పాపం ఆయన ఈసారి ఎవరి మీదికీ తోయలేదు.

"కిర్రు ఒక్కటే తీసేద్దామని చూశాను మేడమ్. దాంతో పాటు చిటపటలు కూడా సగం పోతున్నాయి. వినండి, పంపాను."

వింది. ఉతికి, ఇస్త్రీ చేసి మడత పెట్టినట్టుంది ఆ ఊపిరి. ఎవరిదీ కాదది.

"పోనీ పాతదే ఉంచేద్దాం మేడమ్. కింద ఒక లైను రాద్దాం. 'గమనిక: కిర్రుమనే శబ్దం ఫ్యానుది' అని. ఎవరికీ నష్టం లేదు."

టీచరమ్మకు ప్రాణం లేచొచ్చింది. "అలాగే చెయ్యండి" అనేసింది. ఆయన్ని తియ్యక్కర్లేదు. ఎప్పట్లాగే ఏడాది పొడుగునా ఎక్కడెక్కడి నర్సులో ఆయన వీపుకు చెవి ఆనిస్తూనే ఉంటారు. ఆయన ఊపిరి తీస్తూనే ఉంటాడు. చచ్చిపోయిన మనిషికి ఇంతకంటే ఏం కావాలి, బతికున్న వాళ్లకు మాత్రం ఇంతకంటే ఏం కావాలి అనుకుంది. కానీ పాఠం చెప్పిన బుద్ధి ఊరుకోదు కదా. ఆ లైను నిజంగా పనిచేస్తుందో లేదో చూసుకోకుండా ఉండలేకపోయింది.

అటక మీది నుంచి ఆ పాత ఫ్యాను దింపింది. దుమ్ము తుడిచి పెడితే, అదే మెడ తిప్పుడు, అదే కిర్రు.

"చల్లగా ఉంటే ఫ్యానేంటి వదినా?" అని ముందు గదిలోంచి సూదమ్మ.

"కాస్త చెమట పట్టింది."

"ఒంట్లో బాగుందా? వచ్చి చూడనా?"

"నాకేం కాలేదు, నువ్వు కుట్టుకో."

ఫ్యాను తిరుగుతుండగా తన ఛాతీకే రికార్డరు ఆనించుకుని, కిర్రు తాళానికి తగ్గట్టు ఊపిరి తీస్తూ వదులుతూ రికార్డు చేసింది.

తర్వాతి క్లాసులో ముందుగా ఫ్యాను సంగతంతా మళ్లీ చెప్పింది. గమనిక చదివించింది. అందరూ అర్థమైందన్నారు. వేరే పాఠాలు నాలుగు నడిపి, వాటి మధ్యలో ఏమీ చెప్పకుండా తన రికార్డు పెట్టింది.

"ఇదేంటి?"

"ఏడోది!" అని ఒకేసారి పది గొంతులు. కొండ మీది నర్సు గొంతు కూడా అందులో ఉంది.

"సరిగ్గా వినండి. ఇంకోసారి."

"ఏడోదేనండీ. ఇందులో చిటపట కాస్త తక్కువ, జబ్బు మొదట్లో అనుకుంటా."

టీచరమ్మ కళ్లు మూసుకుంది. ఒకసారి చెవిలో నాటుకున్నదాన్ని కింద రాసిన లైను పెకలించలేదు. 

"ఇందులో చిటపటలే లేవు," అంది. "ఈ ఛాతీకి ఏ జబ్బూ లేదు. ఇది నాది. మీరు విన్నది ఒట్టి ఫ్యాను."

అప్పుడు వెనక నుంచి ముక్కు చీదిన చప్పుడైంది. తిరిగి చూస్తే గుమ్మంలో సూదమ్మ. ఆ కిర్రు విని, ఇవాళ ఏడో పాఠం కాదే అనుకుంటూనే వచ్చి నిలబడినట్టుంది. కళ్లు తడిగా ఉన్నాయి. నోరు మాత్రం తెరుచుకుని ఉంది.

టీచరమ్మ క్లాసు ముగించేసింది.

"ఏంటన్నావ్?"

"కూర్చో, చెబుతాను."

"ముందు చెప్పు. ఆ కిర్రుమనేది అన్నయ్య కాదా?"

"కాదు. ఫ్యాను."

"ఇందాక వినపడింది?"

"అదీ ఫ్యానే. ఊపిరి నాది."

సూదమ్మ గుమ్మం పట్టుకుంది. "అంటే ఇన్నేళ్లూ నేను ఫ్యాను కోసం ఏడ్చానా?"

ఆ మాట విని టీచరమ్మకు ఒక్క క్షణం నవ్వు ముంచుకొచ్చింది. ఆపుకుంది, అయినా పెదవి కదిలింది. అది సూదమ్మ చూసింది.

"నవ్వు, నవ్వు. ఆ శబ్దం వింటే ఏమనుకునేదాన్నో తెలుసా? పాపం గొంతులో ఏదో అడ్డం పడి నన్నే పిలవబోతున్నాడనుకునేదాన్ని. నేను వచ్చేసరికి మాట లేకుండా పోయాడు కదా, ఆ మాటేనేమో ఇది అనుకునేదాన్ని. ఇంట్లో పక్కనే ఉన్నావు, ఒక్క రోజైనా చెప్పొద్దూ అది ఫ్యానని?"

"నువ్వు దాని కోసం వస్తున్నావని నాకేం తెలుసు? నువ్వు అన్నయ్యను వింటున్నావనుకున్నాను."

"నేనూ అదే అనుకున్నాను!"

ఇక దాచి ప్రయోజనం లేదని టీచరమ్మ మిగతాది కూడా చెప్పేసింది. కోళ్ల ఫారం మనిషి సంగతి, గమనిక పనిచేయని సంగతి. చివరికి, "తీసెయ్యాలి. వేరే మనిషిది పెట్టాలి" అంది.

"మా అన్నయ్యను తీసేస్తావా?"

"శబ్దం ఎక్కడికీ పోదు. నీ ఫోనులో వేసిస్తాను. ఎప్పుడు కావాలంటే అప్పుడు వినొచ్చు."

"నాకొద్దు. మనిద్దరం తలుపులేసుకుని వింటే అది చావింటి ఏడుపవుతుంది. అంతమంది నర్సులు వింటుంటే ఆయన ఇంకా ఏదో ఉద్యోగం చేస్తున్నట్టుండేది నాకు. పొద్దున వెళ్లాడు, సాయంత్రం వస్తాడు అన్నట్టు."

"నాకూ అంతే," అంది టీచరమ్మ మెల్లగా. "నాకు మాత్రం తియ్యాలనుందా?"

"అయితే తియ్యకు."

"ఆ కొండ మీది మనిషి ఇంట్లోనూ ఆడవాళ్లున్నారే. ఆ నర్సు అంత దూరం నడిచి వెళ్లకపోతే వాళ్లేమైపోయేవాళ్లు?"

సూదమ్మ ముందు గదిలోకి వెళ్లిపోయింది. మిషను శబ్దం కూడా రాలేదు.

ఆ రోజు నుంచి ఆమె 'వదినా' అనడం మానేసింది.

"టీచర్ గారూ, వడ్డించాను, లేవండి."

"టీచర్ గారికి మజ్జిగ ఇమ్మంటారా, చాలా?"

వినయంగా, చేతులు కట్టుకున్నంత పని చేసి మరీ అనేది. సూది పొడిచిందంటే అంగుళం లోతుకు దిగాల్సిందే. టీచరమ్మ అలాగే లేచి వెళ్లి తినేది. బజారు నుంచి ఆలస్యంగా వచ్చినప్పుడు మాత్రం వీధి మలుపు దగ్గరే తలెత్తి చూసింది. గుమ్మంలో ఎవరూ లేరు. ఈ మనిషి కూడా మిషను సర్దుకుని వెళ్లిపోతుందేమో, వెళ్లేటప్పుడు "వస్తాను" అని కూడా అనదేమో అని ఇంటికి చేరేదాకా అదే బెంగ.

అయినా సర్వర్ సార్‌కు ఫోను చేసి ఏడో నమూనా ఆపించింది. పాత బ్యాచీల నర్సులందరికీ కబురు పంపించమంది: నేను మీకు తప్పు నేర్పాను, కిర్రు లేకపోయినా జబ్బు ఉండొచ్చు, అనుమానం వచ్చినా కిర్రు లేదని పంపేసిన వాళ్లను మళ్లీ పిలిచి వినండి అని.

"కోర్సుకు చెడ్డపేరు వస్తుందేమో మేడమ్. మెల్లగా మార్చేస్తే ఎవరికీ తెలియదు. కావాలంటే సర్వర్ ప్రాబ్లం అని రాద్దాం."

"మీ సర్వరును ఈ ఒక్కసారికి వదిలెయ్యండి నాయనా. నా పేరు పెట్టే రాయండి."

ఇక కొత్త నమూనా కావాలి. కొండ మీది నర్సునే అడిగింది, ఆ మనిషి ఒప్పుకుంటేనే సుమా అని. ఆయన ఒప్పుకున్నాడట. "నా దగ్గు విని నేర్చుకునేదేముంది, మా ఇంట్లో వాళ్లకి వినీ వినీ చెవులు పోయాయి" అన్నాడట. నర్సు ఈసారి ఎంత జాగ్రత్త పడిందంటే, ఆరోగ్య కేంద్రంలో ఫ్యాన్లన్నీ ఆపి, గోడ గడియారం దింపి పక్క గదిలో పెట్టి, బయట అరుస్తున్న మేకను కూడా తోలించిందట. "ఊపిరి తప్ప ఏముందో వెతుక్కోండి టీచర్ గారూ" అని రాసింది.

రికార్డు వచ్చిన సాయంత్రం టీచరమ్మ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కతే విన్నది. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ విన్నది. మంచి రికార్డు. ఇది చేరిస్తే పని అయిపోతుంది. వేలు మీట దాకా వెళ్తోంది, వెనక్కి వస్తోంది.

టీ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. సూదమ్మ వెళ్లిపోకుండా నిలబడింది.

"వచ్చిందా కొత్తాయనది?"

"వచ్చింది."

"బాగుందా?"

"ఊపిరి బాగుంటే మనదాకా ఎందుకొస్తుంది?"

సూదమ్మ నవ్వలేదు, అలాగని వెళ్లనూ లేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇన్నేళ్లలో ఆ బల్ల దగ్గర ఆమె కూర్చోవడం అదే మొదలు. టీచరమ్మ ఒక ఇయర్‌ఫోను తీసి ఆమె చెవిలో పెట్టింది.

మొదట ఏదో గుడ్డ రెపరెపలాడింది. ఆ వెంటనే ఒక ఆడగొంతు, దగ్గరగా: "చొక్కా నేను పట్టుకుంటాలే, నువ్వు ఊపిరి తియ్యి."

"ఎవరామె?"

"ఆయన భార్య."

"పక్కనే ఉందన్నమాట."

"పక్కనే ఉంది."

సూదమ్మ తల వంచుకుని వింది. కనుబొమలు ముడుచుకుని చాలాసేపు వింది. "నాకేం వినపడట్లేదు. గాలి పోతోంది, గాలి వస్తోంది. ఇందులో జబ్బెక్కడుంది?"

ఆమె చెవి కూడా కిర్రునే వెతుకుతోందని టీచరమ్మకు అర్థమైంది. చెయ్యి చాచి, సూదమ్మ చెవి పక్కన జారిన నాలుగు తెల్ల వెంట్రుకలు రెండు వేళ్ల మధ్య పట్టుకుని, చెవికి ఆనించి, మెల్లగా నలిపింది.

"ఇదీ. ఇదే చప్పుడు. ఊపిరి తీసుకోవడం అయిపోతుందనగా, చివర్లో వస్తుంది. ఇంకేదీ వినకు."

మళ్లీ పెట్టింది. మొదటి ఊపిరి పోయింది. రెండోది పోయింది. మూడోదానికి సూదమ్మ కళ్లు పెద్దవయ్యాయి.

"ఆ!"

"దొరికిందా?"

"దొరికింది. ఇంత చిన్నదా?"

"ఇంతే."

"అన్నయ్యకీ ఇలాగే వచ్చేదా?"

"ఇలాగే. ఫ్యాను చప్పుడు కింద ఉండేది."

సూదమ్మ టీ గ్లాసును అటు జరిపింది, ఇటు జరిపింది. తర్వాత, "అయితే అన్నయ్యది పెట్టు" అంది.

టీచరమ్మ తన దగ్గరున్న రికార్డు తీసింది. ఇద్దరూ చెరో ఇయర్‌ఫోనుతో, తలలు ఆనుకునేంత దగ్గరగా కూర్చున్నారు. ఊపిరి లోపలికి పోయింది. సూదమ్మ చూపుడువేలు ఎత్తింది, చిటపట వచ్చేచోట, సరిగ్గా. కిర్రు వచ్చింది, వేలు కదల్లేదు. మళ్లీ ఊపిరి. మళ్లీ వేలు లేచింది. తప్పలేదు. ఒకచోట, టీచరమ్మ కంటే ముందే లేచింది. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. తుడుచుకుంటే తర్వాతది ఎక్కడ జారిపోతుందో అన్నట్టు ఊపిరి బిగబట్టి కూర్చుంది.

రికార్డు అయిపోయింది.

"ఇదన్నమాట మనిషి," అంది సూదమ్మ. "ఎంత కష్టపడి తీస్తున్నాడో. అప్పుడు వచ్చి ఉంటే వినేదాన్ని."

"ఇప్పుడు విన్నావుగా."

ముక్కు చీదుకుని, మెడలో టేపు సర్దుకుని లేచింది. రెండడుగులు వేసి, వెనక్కి తిరగకుండానే అంది:

"ఇక పెట్టుకో వదినా, నీ కొత్తాయన్ని. కొండ మీద వాళ్లావిడ పాపం చొక్కా పట్టుకుని ఎంతసేపు నిలబడుతుంది?"